తాత పేరు

గురువారం సాయంత్రం. అమర్‌నాథ్ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

గల్ఫ్ యుద్ధం ముగిసి ఏడాది దాటింది. సౌదీలోని రాస్ తనూరాలో చాలా ఇళ్ళలో మంచాల కింద గ్యాస్ మాస్కులు అలాగే ఉన్నాయి. మనుషులే ఒక్కొక్కరుగా ఖాళీ అవుతున్నారు. ఏ ఇంజినీరుకు అక్కడ ఉండనిచ్చే ఇకామా రెన్యూవల్, ఎవరికి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ అన్నది హోల్కంబ్ నోటిమాట మీద ఉంది. ఆ అమెరికా మేనేజరే ఇవాళ భోజనానికి వస్తున్నాడు.

"గారెలు చాలవేమో," అంది భార్య కాత్యాయని.

"గారెలదేముందిలే! ఆయప్పకు వంశాల కథలు చెబితే చాలు, కడుపు నిండిపోతాది."

నిజమే. రెండు వందల ఏళ్ళ కిందట తమ మూలపురుషుడు ఒట్టి గొడ్డలితో అడవిలోకి వెళ్ళి వేల ఎకరాలకు ఎలా యజమాని అయ్యాడో హోల్కంబ్ యుద్ధానికి ముందు ఆఫీసులో రోజూ చెప్పేవాడు. అందుకే అమర్‌నాథ్ వారం నుంచి అద్దం ముందు నిలబడి తన తాత కథ ఇంగ్లీషులో వల్లె వేస్తున్నాడు.

వంటింట్లో క్యాంపు మెస్ వంటమనిషి గారెలు తీస్తున్నాడు. వాడిది అమర్‌నాథ్ ఊరే. వీసా ఇప్పించి తెచ్చిందీ అమర్‌నాథే.

హోల్కంబ్ వచ్చాడు. పక్క క్వార్టర్ సీతారామయ్య దంపతులూ వచ్చారు. అందరూ భోజనానికి కూర్చున్నారు.

"సార్, మీ పూర్వీకుడి సంగతి సీతారామయ్యకు చెప్పరూ!" అని అందించాడు అమర్‌నాథ్.

హోల్కంబ్ చెంచా కింద పెట్టాడు.

"నాథన్ అని ఆయన పేరు. మాలో తాతల పేర్లు మనవలకు పెడతారు, నాదీ అదే పేరు. చెట్టు మీద గొడ్డలితో గుర్తు చెక్కితే ఆ నేల తనది. అయితే ఒక సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ అప్పటికే మొక్కజొన్న చేలున్నాయి. అవి వేసుకున్న ఆదివాసులను తరిమేశాడు. ఆ గొడ్డలి మా ఇంట్లో గోడకు ఇంకా వేలాడుతోంది."

సీతారామయ్య తినడం ఆపాడు.

"కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళను ఇక్కడే చూశాను. ఒక ముసలాయన చేతిలో ఇంటి తాళంచెవి ఉంది, ఇల్లు లేదు. అప్పటి నుంచి మా వంశం పేరెత్తాలంటే సిగ్గేస్తోంది. దాన్ని గొప్పగా చెప్పుకున్నందుకు ఇంకా సిగ్గు." అమర్‌నాథ్ వైపు తిరిగాడు. "మీ తాత ఏం చేసేవాడు?"

అమర్‌నాథ్ చేతిలోని గారె పళ్ళెంలో పెట్టేశాడు. వారం రోజుల ఇంగ్లీషు ఎటు పోయిందో పోయింది. ముఖం కందగడ్డయింది.

"మా తాత... కూలివాడు సార్."

కాత్యాయని చేతిలో గరిటె ఆగిపోయింది. "నలుగురిలో ఏం మాటలివి?" అని తెలుగులో గొణిగింది.

"నువ్వూరుకో."

వంటింట్లో ఉన్నవాడికి ఇంగ్లీషు రాదు. అదొక ధైర్యం. అమర్‌నాథ్ తల వంచుకుని చెప్పుకుపోయాడు. తాత ఎవరికీ పట్టని బీడులో రాళ్ళు ఏరి, ముళ్ళు కొట్టి, శెనక్కాయ చేను చేశాడు. పంట చూసి ఊరి పెద్దదొరకు కన్ను కుట్టింది. తన హద్దురాళ్ళు పెరికించి ఆ చేనుకు అవతల పాతించాడు. ఆ రాళ్ళు మోయించింది కూడా తాత చేతే. మర్నాటి నుంచి తాత తన చేలోనే కూలికి వెళ్ళాడు.

చిన్నప్పుడు ఇంట్లో ఎన్నిసార్లు విన్నాడో ఈ కథ. పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్పుకునేవాళ్ళు. ఇవాళ తన నోటితో చెబుతుంటే నవ్వు రాలేదు.

"ఆ పెద్దదొర కుటుంబం ఇప్పుడేమైంది?" అన్నాడు హోల్కంబ్.

"బాగానే ఉన్నారు సార్. చదువుకున్నారు. ఒకడు ఇంజినీరు కూడా అయ్యాడు."

"వాళ్ళకు సిగ్గనిపించదా?"

అమర్‌నాథ్ మంచినీళ్ళు తాగాడు. "అనిపిస్తుంది సార్," అన్నాడు.

కాత్యాయని పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. సీతారామయ్య భార్య జాలిపడి ఆమె చెయ్యి పట్టుకుంది.

హోల్కంబ్ లేచి వచ్చి అమర్‌నాథ్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "మావాళ్ళు తరిమినవాళ్ళ మనవలు నాకెప్పుడూ ఎదురుపడలేదు. నువ్వు కనబడ్డావు. నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు, ఆ సంగతి నాకు వదిలెయ్."

కావలసింది అదే. అయినా అమర్‌నాథ్‌కు ఆ చెయ్యి బరువుగా తోచింది.

"మీ తాత పేరేమిటి?"

కల్పించి ఒక పేరు చెబుదామంటే ఏదీ నోటికి రాలేదు. ఆ చేనును ఊళ్ళో ఇప్పటికీ పిలిచే పేరే వచ్చింది. "ఓబులేసు."

"మరి ఆయన పేరు నీకు పెట్టలేదే?"

"ఇంకో మనవడికి పెట్టారు సార్."

హోల్కంబ్ ద్రాక్షరసం గ్లాసు ఎత్తాడు. "మా దగ్గర పోయిన పెద్దల పేరు పైకి పలికి తాగుతాం. అందరూ గట్టిగా అనండి!"

"ఓబులేసూ!"

వంటింటి తలుపు తెరుచుకుంది.

"వస్తి చిన్నదొరా, పిలిస్తిరా?" అంటూ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు, తాత పేరు పెట్టుకున్న వంటమనిషి.