కట్ట మీద ఇంగ్లీషు

“మా మింద ఏమి రాస్తాండావు సామీ?” మన్నుగంపతో నిలబడి అడిగింది తిమ్మమ్మ.

చెరువు కట్ట మీద కరువు పని ఎందుకు ఆలస్యమవుతోందో ఇంగ్లీషులో రాయమని గుమాస్తా శేషగిరికి పైనుంచి కాగితం వచ్చింది.

“కూలోళ్లు ‘లేజీలీ’ నడుస్తాండారని. అంటే సోమరిగా.”

“అట్ల రాస్తే పని నిలిపేస్తారు గదప్పా! రా, నువ్వొక గంప మొయ్యి.”

ఆడవాళ్లంతా నవ్వేసరికి శేషగిరికి రోషం వచ్చింది. గంప నెత్తికెత్తుకుని గబగబా కట్ట ఎక్కసాగాడు. సగం దూరంలో పొడిమన్ను జారి కాలు తూలింది.

“నిదానం సామీ!” వెనకనే గంపతో వస్తున్న అక్కమ్మ అరిచింది. “నువ్వు పడితే నా మిందనే పడతావు. నేను పడితే నా యెనకామె మింద!”

శేషగిరి తిరిగి చూశాడు. కిందిదాకా ఆడవాళ్ల వరుస. ఇక ప్రతి అడుగూ చూసి చూసి వేశాడు.

దిగొచ్చి ‘లేజీలీ’ కొట్టేశాడు. నిదానంగా అని అర్థం వచ్చేలా ‘స్లోలీ’ రాశాడు. అది సగం నిజమే అనిపించి అదీ కొట్టేసి, ‘కేర్‌ఫుల్లీ’ అని రాశాడు.

“అంటే?” అంది తిమ్మమ్మ.

“జాగ్రత్తగా.”

“అబ్బ! ఆ మాట ఇంగ్లీషులో గూడా ఉండాదా!”

శేషగిరి పకపకా నవ్వుతూ సంతకం పెట్టాడు.