చల్లగాలి గొట్టం

శూలగిరి మిట్ట ఎక్కుతూ సుబ్బరాయప్ప కొత్త కారు ఎండకు మూడోసారి ఆగిపోయింది. వెనక సీట్లో కోడలు అలివేలమ్మ పురిటినొప్పులు పడుతోంది. హోసూరు ఆసుపత్రి ఇంకా దూరం.

డ్రైవరు అంకప్ప బానెట్ ఎత్తాడు. "ఇంజను తన వేడిగాలినే పీలుస్తా ఉందప్పా. ముందు రేకుకు బొక్క కొట్టి గొట్టం పెడితే బయట చల్లగాలి అందుతాది. పోయిన నెలే చెప్పినాను."

"కొత్త కారుకు బొక్క కొడతావా?"

"దానికి అతుకు వేయించొచ్చు మామా," పళ్ళు బిగించి అంది అలివేలమ్మ. "నాకేమన్నా అయితే?"

సుబ్బరాయప్ప కోడలి ముఖం చూశాడు. అంకప్ప పనిముట్లలోంచి ఉలి అందుకుని తనే రేకు మీద పెట్టి సుత్తితో కొట్టాడు.

అంకప్ప పోయిన నెలే తెచ్చి డిక్కీలో పెట్టుకున్న రబ్బరు గొట్టం బిగించాక కారు ఆగకుండా మిట్ట ఎక్కింది.

ఆసుపత్రి వరండాలో, బిడ్డ ఏడుపు వినబడగానే, సుబ్బరాయప్ప అంకప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పినప్పుడు నాకు కారే కనబడిందప్పా. లోపలి మనుషులు కనబడలేదు."