ఇల్లు చేరేదాకా

కరెంటు కార్లకు ఛార్జింగ్ గన్ ఒక్కటే ఉంది. దానికి అప్పటికే ఒక తెల్ల బుల్లి కారు తగులుకుని ఉంది.

వాసంతికి ఒళ్లు మండింది. ములుగులో పెళ్లివారింట జంపఖానాలు దింపి, రెండేళ్ల కూతురు పూజను వెంటబెట్టుకుని హన్మకొండలోని తన దుకాణానికి తిరిగి వస్తోంది. నెత్తి మాడ్చే మే నెల ఎండ. కారులో ఛార్జి అడుగంటింది. ఈ దారిలో పనిచేసే ఛార్జింగ్ పాయింట్ ఇదొక్కటే.

తెల్ల కారు పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆమెను కాదు, ఆమె నీలం కారునే చూస్తున్నాడు.

"ఇంకెంతసేపైతది అంకుల్?"

"అయిపోయింది బిడ్డా. నువ్వు వెట్టుకో."

గన్ ఊడదీసి, తన కారును కాస్త వెనక్కి జరిపాడు. వాసంతి దాని తెరలోకి తొంగిచూసింది. ఛార్జి నిండుగా ఉంది. కడుపు నిండినా విస్తరి ముందు నుంచి లేవని రకమన్నమాట! మనసులోనే నాలుగు తిట్టుకుంది.

తన కారును ముందుకు తెచ్చి ఆపి, దిగి, దుమ్ము రాకుండా తలుపు మూసి, గన్ పెట్టింది. పూజ వెనక సీట్లో నిద్రపోతోంది.

"నాది జల్దీ ఎక్కుతది బిడ్డా," అన్నాడు పెద్దాయన, ఎవరూ అడగకుండానే. "చాయ్ తాగి వచ్చేసరికి సగం నిండుతది. గని అంతే జల్దీ ఒడుస్తది. నీది నిమ్మలంగ ఎక్కుతది, దూరం పోతది. ఎనభై శాతం దాటినంక మాత్రం మస్తు టైం తింటది. ఆడికే ఆపి పోవాలె."

"మీకెట్ల ఎరుక?"

"కొనేముందు రెండు బండ్లనూ ఇదే రోడ్డు మీద నడిపి చూసిన. ఏసీ ఏసి చూసిన, ఏయక చూసిన. అంతే కరెంటుకు నీదే ఎక్కువ నడుస్తది."

"మరి మీరేంది, గిది తీస్కున్నరు?"

"నేనెటు పోత బిడ్డా? నాకు ఊళ్లె తిరిగితె చాలు."

అంటూ నీలం కారు బానెట్ మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. ఎవరి కారు, ఎవరు తుడుస్తున్నారు! వాసంతికి ఇది అసలే నచ్చలేదు.

ఛార్జింగ్ మొదలుపెట్టాలంటే ఫోను కావాలి. ఫోను, తాళంచెవి రెండూ బ్యాగులో ఉన్నాయి. బ్యాగు ముందు సీట్లో ఉంది. తలుపు తీయబోయింది.

లోపల 'టక్' మంది.

పూజ నిద్రలేచి, ముందు సీట్లోకి పాకి, చేతికందిన బటన్ నొక్కింది. అన్ని తలుపులకూ ఒక్కసారే తాళం పడిపోయింది.

"పూజా! మళ్ల నొక్కు బంగారం! గదే, గదే నొక్కు!"

పాప నవ్వింది. అమ్మ ఆటాడుతోందనుకుంది. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి.

కాసేపటికి అమ్మ ముఖం చూసి పాపకు భయమేసింది. ఏడుపు మొదలైంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. చిన్న చేతులు అద్దాన్ని కొడుతున్నాయి. వాసంతి బయటి నుంచి అదే అద్దాన్ని కొడుతోంది. కనబడిన రాయిని రెండు చేతులతో ఎత్తింది.

"ఆగు బిడ్డా! పెంకులు పాప మీద వడ్తయ్."

పెద్దాయన జేబులోంచి తన ఫోను తీశాడు. ఏదో నొక్కాడు.

'టక్.'

తలుపుల తాళాలు తెరుచుకున్నాయి.

వాసంతి పాపను లాగి గుండెకు హత్తుకుంది. నీళ్లు తాగించింది, ముఖం కడిగింది, తానూ ఏడ్చింది. ఊపిరి తిరిగాక గానీ ఆమెకు తట్టలేదు.

"మా బండి మీ ఫోన్ల ఎట్లున్నది?"

ఆయన ఫోనును జేబులో పెట్టుకోబోయాడు.

"మేం ఎటు పోతున్నం, యాడ ఆగుతున్నం, అన్నీ చూస్తాండ్రా? గందుకేనా మాకంటె ముందొచ్చి ఈడ నిలవడ్డరు?"

"బండినే చూస్తాన బిడ్డా. మిమ్ముల గాదు."

"పోలీసోళ్లకు చెప్తే ఏమైతదో ఎరుకేనా? తీసెయ్యుండ్రి. నా ముంగటనే తీసెయ్యుండ్రి!"

"తీసేస్తే మళ్ల రాదు," అన్నాడు తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"రావద్దనే చెప్తున్న!"

ఆయన బొటనవేలు తెర మీద చాలాసేపు ఆగింది. తర్వాత నొక్కాడు. నీలం కారు బొమ్మ మాయమైంది. ఖాళీ తెరను ఆమెకు చూపించి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ తన కారు అద్దం దించాడు.

"పైలంగ పో బిడ్డా. ఇంటికి చేరినంక..."

కారు కదిలిపోయింది.

సాయంత్రం వాసంతి జరిగిందంతా భర్త వినయ్‌తో చెప్పింది. పాప ప్రాణం కాపాడిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, దొంగచాటుగా చూసిన సంగతే పది ముక్కలు చేసి చెప్పింది.

"ఆయన్ని ఊకె వదలొద్దు. మనకు ఈ పాత బండి ఇప్పించిన ఏజెంటు యాకయ్యనే అడుగు."

వినయ్ ఫోను చేశాడు. గట్టిగా మొదలైన గొంతు మెల్లగా తగ్గింది. ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమాయె?"

"మన బండి మొదలు ఒక డాక్టరమ్మదట. హన్మకొండ నుంచి ములుగు దవాఖానకు రోజూ పోయొచ్చేదట. పోయిన వానకాలం జరమొచ్చి చనిపోయిందట."

"మరి ఆ పెద్దాయన?"

వినయ్ నిద్రపోతున్న పూజ వైపు చూశాడు.

"వాళ్ల నాయన వాసంతీ. బిడ్డ తొవ్వ నడిమిట్ల ఆగిపోవద్దని రెండు బండ్లు నడిపి చూసి దూరం పోయేదే కొనిచ్చిండట, రోజూ పొద్దుగూకంగ ఆమె ఇల్లు చేరేదాక ఆ ఫోన్లనే చూసుకుంట కూసునేటోడట."