చెవిలో మెప్పు

పిడుగు విసిరిన మరో ఆట చెక్కముక్క వెళ్ళి గోడకు తగిలింది. పిడుగు అనేది ఆ పిల్లకి ముద్దుపేరు. అరిచిందంటే పై అంతస్తులో పాలు విరుగుతాయని ప్రతీతి. ఇంకొక్కరిని కొరికితే పేరు కొట్టేస్తామని బడివాళ్ళు చెప్పేశారు.

తల్లి ఫోను ఎదురుగా నిలబెట్టి పిడుగును ఆడిస్తోంది. పిల్లల పెంపకం నేర్పే ఆన్‌లైన్ క్లాసు మేడమ్ అందులోంచి చూస్తూ, ఇయర్‌ఫోన్‌లో తల్లికి మాత్రమే వినబడేలా చెబుతోంది. "తిట్టొద్దు. మంచిపని కనబడగానే మెచ్చుకోండి."

గుమ్మంలోంచి అత్తగారు దెప్పింది. "మళ్ళీ పొగడ్తల క్లాసేనా? వీపు మీద రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది!"

ఈసారి ముక్క తల్లి నుదుటికే తగిలింది. ఆమె చెయ్యి లేచింది. గాల్లోనే ఆగి, దిగిపోయింది.

"చెయ్యి దించేశారు. చాలా కష్టమైన పని చేశారమ్మా," అంది మేడమ్.

కాపురానికొచ్చాక ఆమెను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఒక్క మాటకు కడుపు నిండుతుందని అప్పుడు తెలిసింది. కళ్ళు తడిశాయి.

మరో ముక్క ఎత్తిన పిడుగు ఆ కళ్ళు చూసి, దాన్ని కింద పెట్టేసింది.

"విసరకుండా కింద పెట్టావే! భలేదానివే నా తల్లీ!"

ఆ మాట మేడమ్ అందించింది కాదు. పిడుగు నోరు తెరిచి, అరవడం మరిచిపోయింది.

అత్తగారు మెల్లగా లోపలికొచ్చి కోడలి పక్కన వంగింది.

"ఇందాకటి నుంచీ నేనూ నోరు మూసుకునే ఉన్నాగా! ఫోన్లో ఆవిడ నా గురించేమీ అనలేదూ?"