రోడ్డు అవతలి గది

"రాత్రికి ఎక్కడుంటావు బాబూ?"

ఆసుపత్రి గేటు దగ్గర ఎవరో అలా అడిగేసరికి లక్ష్ముడు ఉలిక్కిపడ్డాడు.

అప్పుడే భార్య అసిరమ్మను ఆడవాళ్ల వార్డులో చేర్పించి బయటికొచ్చాడు. విశాఖపట్నం అతనికి కొత్త. సోమవారం ఆమెకు గుండె ఆపరేషన్. సాయంత్రం ఆరు దాటితే ఆ వార్డులో మగవాళ్లను ఉండనివ్వరు.

వచ్చేముందు అసిరమ్మ అతని చెయ్యి వదల్లేదు.

"మావా, నాకు బయమేస్తంది. పిలిస్తే వస్తావు కదా?"

"పిలువు సాలు. నీ పక్కనుంటాను," అని మాటిచ్చాడు.

ఎదురుగా నిలబడ్డ మనిషికి అరవై ఏళ్లు దాటి ఉంటాయి. మాసిన చొక్కా, చేతిలో తాళాల గుత్తి.

"నా పేరు జగన్నాధం. మాది కోటబొమ్మాళి. మీదే ఊరు?"

"కళింగపట్నం."

"అయితే మనోళ్లే. అదిగో, రోడ్డు అవతల ఆ మేడ కింద గది. ఇక్కడ మైకులో పిలిస్తే అక్కడికి ఇనిపిస్తాది. వచ్చి పడుకో."

"అద్దెంత?"

"ఏటీ వద్దు."

అక్కడే లక్ష్ముడికి అనుమానం వచ్చింది.

ముప్పై ఏళ్లుగా ఒడ్డున చేపల వేలంపాట చూస్తున్నవాడు. పాటలో మొదట గొంతెత్తేవాడు ఎప్పుడూ షావుకారు మనిషే. వాడు తియ్యగా మొదలెడతాడు, వలేసినవాడు మునుగుతాడు. మొదటి గొంతుకి తలూపకూడదన్నది లక్ష్ముడు కడుపు కాలి నేర్చుకున్న సంగతి. ఊరుగాని ఊళ్లో, మన వైపు ఊరి పేరే చెప్పి, ఊరికే గది ఇస్తానన్నవాడు బ్రోకరు కాక ఇంకెవడవుతాడు?

"మా బామ్మర్ది ధనరాజు బీమిలిలో ఉన్నాడు. అక్కడికెల్తాను."

"బీమిలా? బస్సులో గంట పైనే. వద్దు బాబూ, ఈ సుట్టుపక్కలే ఉండాల. మంచం మీదున్న మనిషి ఎప్పుడు పిలుస్తాదో తెల్దు."

"సముద్రం సప్పుడు లేందే నాకు నిద్ర పట్టదులే."

"రెండు రాత్రులు నిద్ర మానుకో."

"ఒకసారి సెప్తే ఇనవా? నీ యాపారం ఇంకో కాడ సూసుకో."

జగన్నాధం ముఖం చిన్నబోయింది. రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

బస్సెక్కాక లక్ష్ముడికి కాస్త గర్వంగా కూడా అనిపించింది. బావమరిది ఇంట్లో చేపల పులుసుతో తింటూ, పట్నం బ్రోకరుని ఎలా వదిలించుకున్నాడో చెప్పి అందరినీ నవ్వించాడు. అలల హోరులో హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం ఉదయం ఆరింటికి ఫోను మోగింది.

"అసిరమ్మ తాలూకా మనిషేనా? తొందరగా రండి."

దొరికిన మొదటి బస్సెక్కాడు. బీచ్ రోడ్డులో పరుగు పందెమట, బస్సును చుట్టూ తిప్పారు. జంక్షన్లో ఆపినప్పుడు రంగు బనీన్లు వేసుకుని నవ్వుతూ పరుగెడుతున్నవాళ్లు కిటికీలోంచి కనిపించారు. లక్ష్ముడు సీట్లో కూర్చుని ఏడ్చాడు.

వార్డుకి చేరేసరికి ఎనిమిదిన్నర. అసిరమ్మ ముఖం మీదికి దుప్పటి లాగేసి ఉంది.

ఆయా కుసుమకుమారి అతన్ని పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఎప్పుడు?"

"ఏడున్నరకి."

"నా కోసం అడిగిందా?"

"అడక్కేటి బాబూ. మైకులో మూడుసార్లు పిలిసినాం, అసిరమ్మ తాలూకా ఎవరని. మూడోసారికి రోడ్డు అవతలి గదిలోంచి ఆ పెద్దాయన, జగన్నాధం, పరుగెత్తుకొచ్చాడు. నేనేనన్నాడు. ఆమెకి అప్పటికే సూపు మసకేసింది. 'మావా, వచ్చినావా' అన్నాది. 'వచ్చినానే, నీ పక్కనే ఉన్నాను' అని సెయ్యట్టుకుని కూసున్నాడు. ఆ సెయ్యి పట్టుకునే పోయినాది."

తన మాటను తనకు బదులుగా ఇంకెవరో నిలబెట్టారు. నిన్న ఆయన మీదికి విసిరిన మాట గుర్తొచ్చి సిగ్గుతో తల వంగిపోయింది.

"ఆయన బ్రోకరు కాడా?"

"బ్రోకరేటి? ఊళ్లో బట్టల కొట్టు అమ్మేసి ఆ గది తీసుకున్నాడు. మీలాంటోల్ల కోసమే. రెండేళ్లయింది."

"ఎందుకు?"

ఆయా అసిరమ్మ మంచం మీది దుప్పటి సర్దింది.

"ఆయన ఇంటామె కూడా ఈ వార్డులోనే, ఇలాగే పిలిసి పిలిసి పోయినాది, ఆ పొద్దు ఆయన కూడా బస్సులోనే ఉన్నాడు."