మూడు మ్యాపులదీ ఒకే మాట

“మా వీధి మూసేశారట! ఎవరు మూశారో, ఎప్పుడు మూశారో ఇందులోనే కాపురముంటున్న మాకు తెలీదు!”

భూగోళం మాస్టారు వరండాలో నిలబడి ఫోన్‌ను తిడుతున్నాడు. హైస్కూల్లో భూగోళశాస్త్రం చెబుతాడు కనుక వీధివాళ్లు పెట్టిన పేరది. తనకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ దిక్కులు తెలియవని ఆయన నమ్మకం.

టైము ఎనిమిదీ పది. తొమ్మిది కాగానే పరీక్ష కేంద్రం గేటు మూసేస్తారు. డాక్టరు చదువుకు ప్రవేశ పరీక్ష అది, ఏడాదికి ఒక్కసారే పెడతారు. కూతురు రెండేళ్లుగా దానికే చదువుతోంది. పోయిన వారం మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా సిమెంటు కట్టు. మెయిన్ రోడ్డు చూస్తే కిలోమీటరు దూరం. సొంత కారు మెకానిక్ షెడ్డులో పడి ఉంది.

పిలిచిన క్యాబ్ రావాలి. అది రావడం లేదు.

బల్ల మీద మూడు ఫోన్లున్నాయి. ఒకటి ఆయనది, ఒకటి భార్యది, ఒకటి మూలన పడేసిన పాతది. ఒక్కోదాంట్లో ఒక్కో కంపెనీ మ్యాపు. మూడూ పక్కపక్కన పెట్టి పోల్చనిదే ఆయన పాలప్యాకెట్టుకు కూడా బయల్దేరడు. ఒకటి ఊరంతా తిప్పుతుంది, ఇంకొకటి సందుల్లో ఇరికిస్తుంది, మూడోది తిన్నగా కాలవలోకే దింపుతుంది అని స్టాఫ్ రూములో గంటలకొద్దీ చెబుతాడు. వినేవాళ్లకు పీరియడ్ గంట ఎప్పుడు కొడతారా అనిపిస్తుంది.

ఇవాళ మాత్రం మూడూ ఒకే మాట మీద ఉన్నాయి. వీధి మీద అడ్డంగా ఎర్ర గీత.

ఫోన్ మోగింది. క్యాబ్ డ్రైవరు.

“సార్, మ్యాపు రైలు గేటు వైపు తిప్పుతోంది. నలభై నిమిషాలంటోంది.”

“నీకు కళ్లున్నాయా, అవీ ఫోన్లోనే పెట్టేశావా? మందుల షాపు పక్కనుంచి తిన్నగా లోపలికి రావయ్యా. రోడ్డు లక్షణంగా ఉంది!”

“అందరూ అట్లాగే చెప్తారు సార్. మొన్న ఒకాయన మాట విని వెళ్తే బండి గోతిలో దిగబడింది. క్రేను పెట్టి లాగించాం.”

పెట్టేశాడు. రెండో క్యాబు వాడూ అదే పాట పాడాడు. మూడోవాడు పాట కూడా పాడలేదు, చెప్పాపెట్టకుండా రద్దు చేసుకున్నాడు.

“చూశావా వీళ్ల వాలకం?” అన్నాడు భార్యతో. “మొన్నటిదాకా దగ్గరి దారంటూ ఊళ్లో బళ్లన్నీ మన గుమ్మం ముందు నుంచే తోలారు. ఆ హారన్లకు చెవులు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు ఒక్క బండి రమ్మంటే దారే లేదంటున్నారు. వీళ్లకు ఆకాశంలో శాటిలైట్లొకటి!”

“ఎదురింటివాళ్ల కారు అడగనా అండీ?”

“ఒకరి గడప తొక్కి దేబిరించాలా? ఉండు, వస్తుంది.”

ఆయన మూడు ఫోన్ల మీదకీ వంగాడు. ఒకదాని మీద నొక్కి, ఇంకొకటి అందుకుని, మళ్లీ మొదటిదానికి వచ్చాడు. నుదుటి మీద చెమట కారుతోంది. కూతురు కర్ర ఆనించుకుని తొంగిచూసింది.

“ఏం చేస్తున్నావు నాన్నా?”

“పోలుస్తున్నానమ్మా. వీటిలో ఏది వెధవది, ఏది పరమ వెధవది అని.” ఫోన్ పక్కకు తిప్పుకున్నాడు. “నువ్వెళ్లి కూర్చో. హాల్ టికెట్టు మరోసారి చూసుకో.”

అమ్మాయి అప్పటికే ఆరుసార్లు చూసుకుంది. ఎనిమిదిన్నర అయింది.

తల్లికి ఓపిక అయిపోయింది. చెప్పులేసుకుంది.

“నువ్వెక్కడికి? మూడు కంపెనీల వల్ల కానిది నీవల్ల అవుతుందా?”

ఆవిడ వీధి పొడవునా సగం నడిచి, సగం పరుగెత్తి మెయిన్ రోడ్డు చేరింది. ఆగి ఉన్న ఒక క్యాబులో ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. డ్రైవరు తన ఫోన్ చూపించి, అటు దారి లేదమ్మా అన్నాడు.

“అది లోపల పెట్టు. నా చెయ్యి చూసి నడుపు.”

మూడు నిమిషాల్లో బండి గుమ్మం ముందుంది. రోడ్డు మీద గొయ్యి లేదు, గుట్ట లేదు, ఒక్క రాయి కూడా అడ్డం లేదు. కూతుర్ని కట్టుకాలితో జాగ్రత్తగా ఎక్కించేసరికి ఎనిమిదీ యాభై. అక్కణ్నుంచి పరీక్ష కేంద్రం పావుగంట.

గేటు మూసి ఉంది. తల్లి చేతులు జోడించింది. కాపలాదారు గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడు. అయిదంటే అయిదు నిమిషాలు. అమ్మాయి గేటు కమ్మీలు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఏడ్చింది.

ఇంటికొచ్చాక మాట్లాడినవాడల్లా మాస్టారు ఒక్కడే. బల్ల ముందు కూర్చుని తెల్లకాగితాలు ముందేసుకున్నాడు. మూడు కంపెనీలకూ మూడు ఫిర్యాదులు. రాస్తూ పైకి చదువుతున్నాడు.

“అయ్యా, చేతగాని మీ మ్యాపుల వల్ల, మీ బాధ్యత లేనితనం వల్ల, బంగారంలాంటి మా అమ్మాయికి ఒక సంవత్సరం మట్టిలో కలిసింది. దీనికి మీరేం సమాధానం చెబుతారు?”

బాగా వచ్చిందనుకున్నాడు. కలం ఆపి కూతురి వైపు తన ఫోన్ జరిపాడు.

“వాళ్ల చిరునామా ఆ మ్యాపులోనే ఎక్కడో ఉంటుంది, చూసి చెప్పమ్మా. అసలు వదలను వీళ్లని.”

అమ్మాయి కళ్లు తుడుచుకుని మ్యాపు తెరవగానే కంపెనీవాళ్ల సందేశం కనబడింది: “మీ వీధి మూసి ఉందని మూడు నెలలుగా వారం వారం మాకు తెలియజేస్తున్నందుకు ధన్యవాదాలు, తెరిచేశారంటూ ఈ ఉదయం మీరు పంపిన పదకొండు సందేశాలు పరిశీలనలో ఉన్నాయి.”