నాలుగో డాక్టరమ్మ

"డాక్టరమ్మని మళ్ళీ మార్చేశారండీ పిన్నిగారూ!" అంటూ పక్కింటావిడ తలుపైనా తట్టకుండా లోపలికొచ్చింది.

పడక్కుర్చీలో కూర్చున్న పెద్దావిడ నవ్వింది.

"మారిస్తే మార్చనీ, నాకేమైనా కనబడి చస్తుందా? మొదటావిడకి పెళ్ళయిందని మార్చారు. రెండో ఆవిడ సినిమాల్లోకి పోయిందని మార్చారు. మూడో ఆవిడ ఎవరితోనో గొడవపడిందేమో. ఎవరు పోయినా మా పిల్లని మార్చలేదుగా!"

ఏళ్ళ తరబడి సాగుతున్న ఆ ఆసుపత్రి సీరియల్లో డాక్టరమ్మ మొహం మారిందిగానీ గొంతు మారలేదు. తెరమీద ఎవరు పెదవులు కదిపినా, వెనక నుంచి మాట చెప్పేది పెద్దావిడ కూతురే. చూపు పూర్తిగా పోయాక ఆవిడకి కూతురంటే ఆ గొంతే.

"ఈ కొత్తావిడకి మన భాష వచ్చునటండీ. తన మాట తనే చెప్పుకుంటుందట. పేపర్లో వేశారు."

పెద్దావిడ నవ్వు ఆగిపోయింది. "అంటే... మా పిల్ల గొంతు ఇక వినబడదా?"

"అయినా ఇన్నాళ్ళు లాక్కురావడమే గొప్ప..." అంటూ పక్కింటావిడ మధ్యలో ఆగింది. వంటింట్లో ఫ్లాస్కు మూత కీచుమంది. "వస్తానండీ, పొయ్యిమీద పాలున్నాయి," అని హడావుడిగా వెళ్ళిపోయింది.

"ఏమే అమ్మాయ్, నీకు తెలుసా ఈ సంగతి?" పెద్దావిడ వంటింటివైపు తిరిగి అడిగింది.

"ఊఁ," అంది కోడలు.

"ఊఁ ఏమిటి ఊఁ! నీ నోట్లోంచి నాలుగు మాటలొస్తే ముత్యాలు రాలిపోతాయా? ఏం మూగనోము పట్టావో తల్లీ!"

కొన్నాళ్ళుగా ఆ అమ్మాయి మాటలన్నీ గుసగుసలే. మధ్యాహ్నం ఏదో ఆఫీసంటూ వెళ్తుంది, సాయంత్రానికి అలిసిపోయి వస్తుంది, గొంతు రాసుకుపోయిందని వేడినీళ్ళు తాగుతూ కూర్చుంటుంది. ఆఫీసులో అంత అరిచే పనేముందో పెద్దావిడకి అర్థం కాదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. వదినా ఆడపడుచులు ఒకచోట చేరితే ఇల్లు పీకి పందిరి వేసేవాళ్ళు. కూతురి గొంతులో గడ్డ లేచినప్పుడు అన్నీ దగ్గరుండి చేసింది కూడా ఈ కోడలే. ఆపరేషన్‌కి ముందు ఇద్దరూ గదిలో తలుపులేసుకుని గంటలకొద్దీ గడిపేవాళ్ళు. "భయపడకండి, నేనున్నాను కదా!" అనే డాక్టరమ్మ మాట కూతురి గొంతులో, మళ్ళీ మళ్ళీ, గోడ ఇవతలికి వినబడేది. అంత నొప్పిలోనూ పిల్ల సాధన మానలేదని పెద్దావిడ కళ్ళు తుడుచుకునేది. ఇప్పటికీ ఒక్కోసారి మధ్యాహ్నం మగతలో, మూసి ఉన్న ఆ గదిలోంచి అదే మాట వినిపించినట్టుంటుంది. ఒళ్ళు జలదరించి లేచి కూర్చుంటే ఇల్లంతా నిశ్శబ్దం.

ఆపరేషన్ బాగా జరిగిందని కొడుకు చెప్పాడు. అటునుంచటే వేరే ఊరి స్టూడియోకి వెళ్ళిపోయిందన్నాడు. నిజమే, గొంతు ఇదివరకటికన్నా తేటపడింది. మనిషి మాత్రం మళ్ళీ గడప తొక్కలేదు. సీరియల్ అయ్యాక రోజూ ఫోన్ చేస్తుంది, అంతే.

కొడుకు టీవీ పెట్టాడు. సీరియల్ పాట మొదలైంది. పెద్దావిడ ఊపిరి బిగబట్టింది.

"భయపడకండి, నేనున్నాను కదా!" అంది టీవీలో ఎవరో.

ఎవరో.

"కట్టేయరా," అంది కొడుకుతో. "మనిషి పోయినట్టుంది నాకు."

కొడుకు టీవీ కట్టేసి, చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. చెల్లెలి ఫోనొచ్చే వేళకి వాడెప్పుడూ ఇంట్లో ఉండడు.

కోడలు పెద్దావిడ చేతిలో ఫోన్ పెట్టింది. "ఆరేసిన బట్టలు తీసుకొస్తానత్తయ్యా. కుర్చీలోంచి లేవకండి, పడతారు," అని గొణిగి వెనక బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ఫోన్ మోగింది.

"అమ్మా, తిన్నావా?"

పెద్దావిడకి ప్రాణం లేచొచ్చింది. "తిండి సంగతి తర్వాత. నిన్ను తీసేశారటగా?"

"తీసేశారమ్మా. పోనీలే."

"పోనీలే ఏమిటి! ఎప్పుడు రమ్మన్నా సీరియల్ వదిలి ఎలా రానమ్మా అనేదానివి. ఇప్పుడేం అడ్డం? బయల్దేరి వచ్చెయ్."

అటువైపు మూత కీచుమన్న చప్పుడు, ఒక గుటక.

"నువ్వూ వేడినీళ్ళేనా? మీ వదిన జబ్బు నీకూ అంటుకున్నట్టుందే!" పెద్దావిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఒక్కసారి రావే. నీ మొహం ఒక్కసారి తడిమి చూసుకుంటాను. మళ్ళీ వెళ్ళిపోదువుగాని."

"అమ్మా..." గొంతు జీరబోయింది. ఫోన్ గరగరలాడి మాట తెగిపోయింది.

"హలో! హలో! అమ్మాయ్, ఓసారిలా రావే, దీంట్లో ఏం వినబడ్డంలేదు!" పెద్దావిడ కోడల్ని కేకేసింది. కోడలు పలకలేదు.

బాల్కనీ దగ్గరైతే సిగ్నల్ బాగుంటుందని కొడుకు అంటుంటాడు. పెద్దావిడ లేచింది. గోడ తడుముకుంటూ, బల్ల అంచు పట్టుకుని, ఫ్రిజ్ దాటుకుని నడిచింది. తలుపు గడియ చల్లగా చేతికి తగిలింది. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని అక్కడే నిలబడింది.

"అమ్మా, ఉన్నావా?"

ఆ మాట ముందు తలుపు అవతల వినిపించి, తర్వాత ఫోన్లో వినిపించింది.